మద్రాసు కర్రీ ఎవరిది?

పోయిన వారం ఛాయాదేవిని పొయ్యి ముందు వదిలేసి వచ్చాం. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఇప్పటిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకి పోదాం.

ఛాయాదేవి షికాగో పక్కనున్న అరోరాలో కేటరింగ్ నడుపుతుంది. పెళ్ళిళ్ళకీ, సీమంతాలకీ, గృహప్రవేశాలకీ ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ముందు ఫోన్ చేసేది ఆవిడకే. భర్త విశ్వనాథం వారమంతా ఒక బ్యాంకు డేటాబేసులు చూసుకుంటాడు. మిగిలిన ధ్యాసంతా నూరేళ్ళ కిందట అట్లాంటిక్ దాటిన పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడల మీద. ఏ ఓడకి ఎన్ని పొగగొట్టాలో, ఏ ఓడలో ఫస్ట్ క్లాసు వాళ్ళు ఏ రోజున ఏం తిన్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇలాంటివాళ్ళందరికీ షికాగోలో ఒక సొసైటీ ఉంది. 1911 ఏప్రిల్‌లో 'ఎంప్రెస్ ఆగస్టా' అనే ఓడలో జరిగిన వీడ్కోలు విందుని ఉన్నదున్నట్టు మళ్ళీ వడ్డించాలని ఆ సొసైటీ పట్టుదల. పది కోర్సులు, నూట ఇరవై మంది అతిథులు. ఒప్పుకున్న ఫ్రెంచి షెఫ్, తన సూప్‌ని ఆరోసారి తిప్పి పంపేసరికి ఏప్రన్ విప్పి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మీటింగులో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే విశ్వనాథం లేచి నిలబడి "నా భార్య చేస్తుంది" అనేశాడు.

ఆ మాట భార్యకి మాత్రం చెప్పలేదు. సూప్‌లో నిజం తాబేలు వేస్తారా, లేక దూడ తలకాయతో సరిపెడతారా అని అడుగుతూ కిచెన్‌కి ఈమెయిల్ వచ్చిన రోజున ఆవిడకి తెలిసింది.

ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు సొసైటీ నుంచి ఇంకో ఈమెయిల్ వచ్చింది. 'మీరు పది రకాలు చేయగలరా అని మా సభ్యులకి సందేహం' అని ఉంది అందులో. ఛాయాదేవి చదివి ఒక నవ్వు నవ్వింది. "మన పెళ్ళి భోజనంలో స్వీట్లే నాలుగు. పది రకాలా!" అని, ఆ వారంలో ఒప్పుకున్న రెండు ఆర్డర్లూ వేరేవాళ్ళకి అప్పగించేసింది. శనివారం మధ్యాహ్నం సొసైటీ ప్రెసిడెంటు మార్గరెట్ హోల్‌బ్రూక్ స్వయంగా రుచి చూడటానికి బయల్దేరింది. అక్కడ ఆగాం.

ఇక శనివారం.

రెండు కావొస్తుండగా విశ్వనాథం కేటరింగ్ కిచెన్ వెనక తలుపులోంచి వచ్చాడు. పాతకాలం దొరల్లా వెనక తోకలు వేలాడే నల్లటి కోటు వేసుకున్నాడు. చేతిలో ఇత్తడి బాకా లాంటిది మెరుస్తోంది.

"ఏవండీ, ఏంటది?"

"బ్యూగిల్. ఓడలో డిన్నర్‌కి పిలవాలంటే ఇదే ఊదేవాళ్ళు ఛాయా. ఆన్‌లైన్‌లో తెప్పించాను."

"పక్కనే డెంటిస్టు ఉన్నాడండీ. ఈపాటికి ఎవరి నోట్లోనో డ్రిల్లు పెట్టుంటాడు. ఊదకండి."

ఆయన ఊదాడు. ఒకే ఒక్కసారి ఊదాడు గానీ ఆ ఒక్కటీ చాలింది. నిమిషం తిరక్కుండా డెంటిస్టు రిసెప్షనిస్టు పరిగెత్తుకొచ్చి, తమ పేషెంటు కుర్చీలోంచి లేచి కారెక్కి వెళ్ళిపోయాడని చెప్పింది. వీకెండ్ గనక సాయానికి వచ్చిన కూతురు అంకిత ఆ అమ్మాయి చేతిలో ఒక డబ్బా సున్నుండలు పెట్టి, సారీలు చెప్పి సాగనంపింది.

"నాన్నా, ప్లీజ్, ఇంకోసారి అది టచ్ చెయ్యకు," అంది లోపలికొచ్చి.

విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. "ఛాయా, మార్గరెట్ వచ్చేలోపు నీకో చిన్న విషయం చెప్పాలి."

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన చిన్న విషయం అన్నది ఏదీ చిన్నది కాదు. ఛాయాదేవి గరిటె కింద పెట్టింది.

"మీటింగులో ఏదో ఫ్లోలో, నువ్వు ఫ్రెంచి వంటలో ట్రైనింగ్ అయ్యావని చెప్పాను."

"ఎక్కడ?"

"యానాంలో."

"యానాంలోనా!"

"ఫ్రెంచి ఇండియా అన్నాను. అబద్ధం కాదు కదా. 1954 దాకా మీ ఊరు ఫ్రెంచి వాళ్ళదేగా."

"నేను పుట్టింది డెబ్బై రెండులో! మా ఊళ్ళో నేను నేర్చుకున్నది పులస పులుసు! ఏం మనిషండీ మీరు?"

అప్పుడే బయట కారు ఆగింది.

మార్గరెట్ హోల్‌బ్రూక్‌కి డెబ్బై రెండేళ్ళు. పొడుగ్గా, నిటారుగా, మెళ్ళో ముత్యాల దండతో, ఓడని తనిఖీ చేయడానికి వచ్చిన కెప్టెన్‌లా లోపలికి అడుగు పెట్టింది. ఒక పాత బిస్కెట్ల డబ్బాని గుండెకి ఆనించి పట్టుకుంది. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే. మనం తెలుగులో చెప్పుకుందాం.

"ఇందులో ఆ రోజు విందుకి వేసిన అసలు మెనూ కార్డు ఉంది," అంది డబ్బా చూపిస్తూ. "మీ ఆయన ప్రింటింగు కోసం అడిగారు. ముందు భోజనం చూద్దాం."

ఆవిడ కూర్చుంది. నోట్‌బుక్ తెరిచింది. పెన్సిల్ తీసింది.

మొదట, తాబేలు సూప్‌కి బదులుగా, కన్సొమే అనే తేట సూప్. దాని కోసం ఛాయాదేవి రెండు రోజులు ఎముకలు కాచింది, కూరముక్కలు వేసింది, తెల్లసొన వేసి తేర్చింది, గుడ్డలో వడగట్టింది. ఇంత కష్టపడి చివరికి ముక్కలన్నీ పారేసి నీళ్ళు వడ్డించడమేమిటో ఆవిడకి మాత్రం బోధపడలేదు. మనసొప్పక ఆఖర్న అర చెంచా మిరియాల పొడి వేసింది. మార్గరెట్ ఒక చెంచా తాగింది, కనుబొమలెత్తింది, ఇంకో చెంచా తాగింది. "హుషారుగా ఉంది," అని రాసుకుంది.

తర్వాత దోసకాయ ముక్కలతో సాల్మన్ చేప. దానికి వంక లేదు. గోదావరి పిల్లకి చేప వండటం ఒకరు చెప్పాలా?

మూడోది వచ్చేసరికి వచ్చింది తంటా. కోడిమాంసాన్ని జెల్లీలో బిగించి, గుండ్రంగా బోర్లించిన వంటకం అది. అంకిత రెండు చేతులతో ట్రే పట్టుకుని వస్తుంటే అది నిండు గర్భిణిలా కదులుతోంది.

"చూశారా ఆ వణుకు," అన్నాడు విశ్వనాథం మురిసిపోతూ. "సముద్రం అల్లకల్లోలమైనప్పుడు ప్లేట్లు జారిపోకుండా ఓడలో టేబుళ్ళ అంచులకి చెక్క చట్రాలు బిగించేవాళ్ళు. అవి లేకపోతే ఏమయ్యేదంటే..."

ఏమయ్యేదో అందరూ చూశారు. ట్రే ఒక పక్కకి వాలింది, జెల్లీ జారింది. విశ్వనాథం పట్టుకోబోయి చెయ్యి చాచాడు. ఆ చేతిలో బ్యూగిల్ ఉంది. జెల్లీ మొత్తం దాని నోట్లోకి దిగిపోయింది.

'ఇంక అది ఊదలేరు' అనుకుని ఛాయాదేవి మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మార్గరెట్ నవ్వలేదు. "తర్వాతది," అంది.

గొర్రెమాంసం, దాని మీద పుదీనా సాస్. బఠాణీలు. ఆ పైన రోమన్ పంచ్ అని, మందు కలిపిన మంచు తురుము. ఏడో రకం తినేముందు నాలుక శుభ్రం కావడానికట. గ్లాసుడు మజ్జిగ పోస్తే పోయేదానికి భోజనం మధ్యలో ఐసేమిటని ఛాయాదేవి గొణిగింది గానీ తెలుగులో గొణిగింది.

మార్గరెట్ చెంచా కింద పెట్టి మొదటిసారి చిన్నగా నవ్వింది. నవ్వి, ఛాయాదేవి వైపు తిరిగి, గలగలా ఫ్రెంచిలో ఏదో అడిగింది.

ఛాయాదేవికి తెలిసిన ఫ్రెంచి మాట ఒక్కటే. చిన్నప్పుడు యానాంలో ఫ్రెంచి పెన్షను అందుకునే ముసలాయన ఒకడు టీ కొట్టులో చెబుతుండేవాడు.

"మెర్సీ," అంది.

మార్గరెట్ మళ్ళీ అడిగింది, ఈసారి కాస్త నెమ్మదిగా.

"మెర్సీ," అంది ఛాయాదేవి, ఈసారి కాస్త గట్టిగా.

హైస్కూల్లో రెండేళ్ళు ఫ్రెంచి చదివిన అంకిత తల్లి చెవి దగ్గర గుసగుసలాడింది. "అమ్మా, నువ్వు ఏ స్కూల్‌లో కుకింగ్ నేర్చుకున్నావు అని అడుగుతుంది."

ఛాయాదేవి భర్త వైపు చూసింది. ఆయన బ్యూగిల్‌లోంచి జెల్లీని చెంచాతో తవ్వుతున్నాడు. మరీ అవసరమైన దానికంటే శ్రద్ధగా తవ్వుతున్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "మేడమ్, నాకు ఫ్రెంచి రాదు. యానాం ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళ ఊరు. నేను పుట్టేనాటికి వాళ్ళు వెళ్ళిపోయి పద్దెనిమిదేళ్ళు. నాకు వంట నేర్పింది మా మేనత్త. ఆవిడకీ రాదు ఫ్రెంచి."

మార్గరెట్ పెన్సిల్ కింద పెట్టింది.

"మిస్టర్ విశ్వనాథం," అంది మార్గరెట్. "మీరు మా అందరి ముందూ..."

"టెక్నికల్‌గా చూస్తే మేడమ్..."

"నాన్నా, టెక్నికల్ అనకు," అంది అంకిత.

మార్గరెట్ నోట్‌బుక్ మూసింది. బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని లేచింది. కోపం కంటే ఆవిడ మొహంలో అలసటే ఎక్కువ కనిపించింది.

"ఈ విందు నాకు ఆట కాదు. ఎంప్రెస్ ఆగస్టాలో ప్రధాన వంటవాడు ఎడ్విన్ ప్రాట్ మా ముత్తాత. ఆ రోజు ఏడో కోర్సుగా వడ్డించిన మద్రాసు కర్రీ ఆయన సృష్టి. ఆయన చేత్తో రాసిన పద్ధతిని మా ఇంట్లో ఫ్రేము కట్టి పెట్టుకున్నాం. మన విందు రాత్రి హాల్లో ఆయన పేరు మీద ఒక ఫలకం ఆవిష్కరిస్తున్నాను. అటువంటి చోట అబద్ధానికి తావివ్వలేను. క్షమించండి."

ఇక్కడ ఛాయాదేవి ఊరుకుని ఉంటే ఈ కథ ఈ వారంతో అయిపోయేది. కానీ మూడు రోజులుగా ఆవిడ గొంతులో ఒక మాట అడ్డంపడి ఉంది.

"వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను మేడమ్. మీరు పంపిన కాపీలో మీ ముత్తాతగారు రాసినట్టే తు.చ. తప్పకుండా చేశాను, అదిగో ఆ ఎడమ గిన్నె. కోడికూరలో యాపిల్ పండు, మైదా, కిస్‌మిస్, రెండు చెంచాల కర్రీ పౌడరు. దానికి మద్రాసు పేరు పెట్టడం మద్రాసుకి అన్యాయం. ఆ కుడి గిన్నెలోది నేను చేశాను. కూరంటే అదీ!"

"మీరు మా ముత్తాతని అవమానిస్తున్నారు."

"లేదండీ. ఆ కోడిని ఆయన అవమానించాడు."

మార్గరెట్ తలుపు వైపు నడిచింది. విశ్వనాథం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. సంధి చేద్దామనుకున్న అంకిత చేతికందిన గరిటెతో చేతికందిన గిన్నెలోంచి రెండు ముక్కలు, కాస్త పులుసు చిన్న కప్పులో వేసుకుని వెనకాలే పరిగెత్తింది. "మిసెస్ హోల్‌బ్రూక్, ఒక్క బైట్. మీ ముత్తాత కోసం."

మర్యాద తెలిసిన మనిషి గనక మార్గరెట్ ఆగింది. నిలబడే ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

అక్కడే ఆగిపోయింది. ఒక చెయ్యి గోడకి ఆనించింది. తర్వాత మెల్లగా, ముత్యాల దండతో సహా, తలుపు పక్కనున్న సోనామసూరి బస్తా మీద కూర్చుండిపోయింది. రెండో చెంచా తిన్నది. మూడోదానికి ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కారమా?" అంది ఛాయాదేవి కంగారుగా. "అంకీ, నీళ్ళు తే."

"కాదు," అంది మార్గరెట్. "ఇది మా అమ్మమ్మ ఆదివారం వండే కూర. ఆవిడ పోయి ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఈ రుచి మళ్ళీ నా నోటికి తగులుతుందని అనుకోలేదు. మీరు సాధించారు. ఫ్రెంచి సంగతి మర్చిపోండి. ఇదే మా ముత్తాత కూర."

విశ్వనాథం ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలేదా మేడమ్!" అంటూ ముందుకొచ్చాడు.

ఛాయాదేవి మాత్రం అంకిత చేతిలోని గరిటె వైపు చూసింది. దాని అంచున ఎర్రటి నూనె మెరుస్తోంది. ఎడమ గిన్నెలోది పసుపుపచ్చటి జావ. ఆవిడ భర్త ఆ చూపు కనిపెట్టాడు. బ్యూగిల్‌తో సహా రెండు చేతులూ జోడించి, మార్గరెట్ వెనకనుంచి, వద్దు వద్దని తలూపాడు. ఒక్క మాట మింగేస్తే చాలు, నూట ఇరవై మంది విందు నిలబడుతుంది, ఆయన పరువు నిలబడుతుంది, సొసైటీలో ఆయన కుర్చీ నిలబడుతుంది.

ఛాయాదేవికి వంట విషయంలో అబద్ధం రాదు.

"మేడమ్, మీరు తిన్నది కుడి గిన్నెలోది. నాది."

విశ్వనాథం బ్యూగిల్ కింద పెట్టేసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మార్గరెట్ నమ్మలేదు. లేచి వచ్చి ఎడమ గిన్నెలో చెంచా ముంచి నాకి చూసింది. గోడ మీద పోస్టరంటించే మైదా జిగురు నాకినట్టు మొహం పెట్టింది. మళ్ళీ కుడి గిన్నెలోది తిన్నది. మళ్ళీ కళ్ళు చెమర్చాయి.

"ఇందులో ఏం వేశారు?"

"ఎండుమిరపకాయలు, ధనియాలు, మిరియాలు, అల్లం. మా వైపు కొబ్బరిపాలు పోస్తాం. కానీ మీకు కొబ్బరి పడదని మీరే ఈమెయిల్ పెట్టారుగా. అందుకని బాదంపప్పు రుబ్బి పాలు తీసి పోశాను."

"బాదం," అంది మార్గరెట్. "అమ్మమ్మ రాతి కల్వంలో బాదం నూరేది. మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. తనకి వాళ్ళమ్మ మార్తా నేర్పిందని చెప్పేది. పెళ్ళికి ముందు మార్తా అదే ఓడలో ఆడవాళ్ళ క్యాబిన్లు చూసుకునే స్టీవార్డెస్. కానీ ఫ్రేములో ఉన్న కాగితంలో బాదం మాటే లేదు. నేనెప్పుడూ ఎందుకు ఆలోచించలేదు?"

గోడవైపు తిరిగిన విశ్వనాథం ఓడ పేరు వినగానే ఇటు తిరిగాడు. "మేడమ్, ఆ మెనూ కార్డు ఒకసారి చూడొచ్చా?"

జేబులోంచి తెల్లటి గుడ్డ గ్లవ్స్ తీసి తొడుక్కున్నాడు. మార్గరెట్ డబ్బా మూత తీసింది. దట్టమైన అట్ట, బంగారు అంచు, పైన మూడు పొగగొట్టాల ఓడ బొమ్మ. ఆయన ఊపిరి బిగబట్టి దాన్ని అందుకుని, ముందు వైపు చదివి, ఎంతో నెమ్మదిగా వెనక్కి తిప్పాడు.

"అటు ఏమీ లేదు," అంది మార్గరెట్. "చిన్నప్పుడు అమ్మమ్మ పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసింది. అన్నీ సున్నాలూ, మెలికలూ."

విశ్వనాథం కళ్ళజోడు పైకెత్తాడు, కిందికి దించాడు. కార్డుని కళ్ళకి మరీ దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఛాయా! పిచ్చిగీతలకి తలకట్లు ఉంటాయా?"

అంకిత తొంగి చూసింది. "ఇట్స్ తెలుగు! నాకు చదవడం రాదు, ఇది చాలా రౌండ్‌గా ఉంది. అమ్మా, నువ్వు చదువు."

ఛాయాదేవి కార్డుని దీపం కిందికి జరిపింది. పెన్సిల్ రాత వెలిసిపోయింది గానీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కో మాటా పైకి చదువుతూ, వెంటనే ఇంగ్లీషులో చెబుతూ పోయింది.

"కోడి వొకటి. యెండుమిరపకాయలు ఆరు. ధనియాలు పిడికెడు. మిరియాలు పది. కొబ్బరి యీ వోడలో లేదు గనుక బాదంపప్పు రుబ్బి పాలు తీయవలెను."

మార్గరెట్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ప్రాటు దొరగారు యాపిలుపండు వేయమందురు. దొరగారి యెదుట వేసి, వారు అవతలికి వెళ్ళిన పిమ్మట తీసివేయవలెను."

ముందు అంకితకి నవ్వొచ్చింది. తర్వాత విశ్వనాథానికి. ఆఖరికి, ముత్తాత పేరు మీద ఫలకం చేయించిన మార్గరెట్ హోల్‌బ్రూక్ కూడా, తడి కళ్ళతోనే, గిన్నెల దగ్గర నిలబడి పగలబడి నవ్వింది.

"ఇంకా ఉందా?" అంది నవ్వు ఆపుకుంటూ. "చదవండి, చదవండి."

ఛాయాదేవి చదువుతూనే ఉంది. కానీ ఈసారి పెదవులు కదల్లేదు. కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి, తొందరలో రాసినట్టు కాస్త వంకరగా.

'మార్తా, రేపు నేను వోడతో వెనుకకు పోవుచున్నాను. నీకు మా రాత రాదు, నాకు మీ రాత రాదు. యెప్పటికైనా మా భాష వచ్చినవారు కనబడిన చదివించుకొనుము. పుట్టెడు బిడ్డ ఆడపిల్లయైన మా వూరి పేరు పెట్టుము. ఇట్లు, కోరంగి కామయ్య.'

కోరంగి యానాం పక్క ఊరే. చిన్నప్పుడు ఛాయాదేవి మేనత్తతో పడవలో ఎన్నోసార్లు వెళ్ళింది.

"ఏం రాసుందే?" అన్నాడు విశ్వనాథం భుజం మీదుగా చూడబోతూ.

ఆవిడ అరచేత్తో కార్డు మీద ఆ నాలుగు వరుసలూ కప్పేసింది.

"మేడమ్, మీ అమ్మమ్మగారు పుట్టింది ఏ సంవత్సరం?"

"అదే సంవత్సరం. 1911, అక్టోబరు. మార్తా ఓడ దిగి ప్రాట్‌ని పెళ్ళి చేసుకున్న ఐదో నెలలో. మా కుటుంబంలో దాని గురించి ఎవరూ మాట్లాడరు," అని మార్గరెట్ కొంచెం సిగ్గుపడింది. "ఎందుకు?"

"ఆవిడ పేరు?"

"కోరా. మా వాళ్ళలో అటు ఏడు తరాల్లో ఎవరికీ లేదు ఆ పేరు. ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టారో ఎవరికీ తెలీదు. ఎందుకు అడుగుతున్నారు?"

ఛాయాదేవి రెండు స్టవ్‌లూ కట్టేసింది. ఒక కుర్చీ లాక్కొచ్చి మార్గరెట్ వెనకగా వేసింది.

"ముందు మీరు కూర్చోండి మేడమ్," అంది. భర్త నోరు తెరవబోయేసరికి ఆయనకీ ఇంకో కుర్చీ చూపించింది. "మీరూ కూర్చోండి."